దొర లేచి కూచున్న కట్ట

"నన్ను గొప్పలు చెప్పుకునేవాడని అనుకోవాకండి సార్. చెప్పుకునేదానికి నా దగ్గర ఏముండాది? ఎనిమిదో తరగతి తప్పినాను. సైకిలు షాపు పెట్టి, పంచరు వేసేది రాక మూసేసినాను. మా మామ ఇచ్చిన ఎద్దుల్ని సంతకి తోలుకోని పోతే, నేను దోవ తప్పి నిలబడిపోయినాను, ఆ ఎద్దులే నన్ను ఇంటికి తోలుకోనొచ్చినాయి. నా సంగతి వదిలేయండి. మా తాతకి తాత ఉండాడే, పెద్దబ్బ, ఆయన ఒక సీమదొరకి రాగిసంగటి తినేది నేర్పించినాడు. అంతే సార్. అంతకు మించి మా వంశంలో చెప్పుకునేది ఏమీ లేదు."

చిన్నబ్బ "అంతే" అన్నాడంటే అప్పుడే మొదలైందని లెక్క. ఆ సంగతి మాకు తెలుసు గానీ, ఎదురుగా బల్ల మీద కూచుని టీ తాగుతున్న మునిప్రసాద్ సారుకి తెలియదు. ఆయన రోడ్డు కొలతల మనిషి. చేతిలో టేపు, కాళ్ల దగ్గర ఎర్ర రంగు డబ్బా, డబ్బాలో బ్రష్షు.

రెండువేల రెండు ఎండాకాలం అది. చిత్తూరు నుంచి కాణిపాకం పోయే దోవని వెడల్పు చేస్తున్నారు. పొద్దున్నించీ ఎర్రగీతలు గీసుకుంటూ వచ్చిన మునిప్రసాద్ సారు పక్కనున్న బియ్యం మిల్లు గోడ దాకా వచ్చి, టీ కోసం ఆగాడు. తరవాతి గీత పంకజాక్షి టీ కొట్టు మీదే. మొగుడు పోయినాక ఆమెకి మిగిలింది ఆ కొట్టు ఒక్కటే. మామిడిచెట్టు కింద రేకుల పంచ, ఆ పంచకి వెనక గోడగా మనిషి పండుకునేంత పొడుగున్న సున్నపు కట్ట. ఆ కట్టని మా పక్క దొరకట్ట అంటారు. కొత్త బెల్లం లోడు ఎత్తిన లారీ డ్రైవర్లు దాని మీద ఒక బెల్లం ముక్క, ఒక చుట్ట పెట్టి పోతారు.

నిజానికి అది చిన్నబ్బ వాళ్ల నాయన, బండ్లోళ్లు బెల్లం దిమ్మెలు దించుకునేదానికి కట్టించిన కట్ట. అందులో దొర ఉన్నాడని ఇన్నేళ్లుగా చెప్పీ చెప్పీ, డ్రైవర్ల చేత చుట్టలు పెట్టించింది చిన్నబ్బ నోరే. ఆ పొద్దు తెల్లారగానే పంకజాక్షి అతన్ని పిలిచి, "అన్నా, ఇన్నేండ్లూ నీ నోటికి టీ పోసినా. ఈ ఒక్క దినం ఆ నోరు నాకు పనికొచ్చేట్టు చెయ్యి. అది సమాధి అని ఆ సారు నమ్మితే రోడ్డు తప్పించి పోతారంట. నా కొట్టు నిలబడతాది" అంది. చిన్నబ్బ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "ఊరికే కోసిన కోతకి ఇన్నాళ్లకి కూలి గిట్టింది" అన్నాడు.

అందుకే ఆ రోజు మేమెవరం నవ్వకూడదని ఒట్టు పెట్టుకుని కూచున్నాం. మేమంటే నేను, బెల్లం మండీలో కాటా వేసే జయరావుని, ఇంకా యోగానంద. ఆయన బస్సు కండక్టరుగా రిటైరయ్యాడు. టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్నట్టు మాటలో తప్పు పట్టుకోకుండా ఉండలేడు.

"సంగటి తినేది కూడా నేర్పించాలా?" అన్నాడు మునిప్రసాద్ సారు, ఏదో ఒకటి అడగాలి కాబట్టి.

"అదే సార్ మీరు అడగాల్సిన మాట. ఆ దొర పేరు టర్నరు. అప్పుడు దొర కూడా కాదు, ఉత్త సోల్జరు. కుంపిణీ పటాలం మైసూరు మీదికి పోతాండాది, ఇదే దోవన, మే నెల, మిట్టమధ్యాన్నం. ఆ ఎండకి మనకే మాడు పగిలిపోతాదే, ఆయన ఉన్నికోటు ఏసుకోని, మోకాళ్ల దాకా బూట్లు ఏసుకోని, తుపాకి మోసుకోని వస్తాండాడు. సరిగ్గా ఈడికి వచ్చి కూలిపోయినాడు. పటాలం ముందుకి పోయింది. మా పెద్దబ్బ చింతచెట్టు నీడలో పండుకోనుండాడు. ఎందుకు పండుకోనుండాడు అని అడగవాకండి, మా వంశంలో పగలు పండుకునేదానికి కారణం అక్కర్లేదు. లేచినాడు, దొర మొగాన నీళ్లు కొట్టినాడు, తన సంగటి ముద్దలో సగం పెట్టి పైన చెనిక్కాయల ఊరిబిండి ఏసినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా సార్? సంగటి నమిలేది కాదు కదా, మింగేది. మనకి తల్లిపాలతో వచ్చిన విద్య. ఆయనకేం తెలుసు పాపం, బిస్కెట్టు నమిలినట్టు నమిలినాడు. పైపన్నూ కిందిపన్నూ అతుక్కోని పోయినాయి. ఇంగ నోరు తెరుచుకోలే."

"తరవాత?"

"సోల్జరు కనపడలేదని కెప్టెను గుర్రమేసుకోని ఎనిక్కి వచ్చినాడు. ఇంగ్లీషులో తిడతాండాడు, ఈయప్ప ఊ అంటాడు. ఇంకా తిడతాండాడు, ఈయప్ప ఉహూ అంటాడు. కెప్టెను అనుకున్నాడు, ఆహా, ఎన్ని తిట్టినా ఎదురు చెప్పడే, ఇంత నిబ్బరం ఉండేవాణ్ణి నేను సూడలేదే అని, ఆడికాడే హవల్దారుని చేసేసినాడు. మా వంశం చేతి మీదుగా నోరు మూసుకోని బాగుపడినోడు ఆయనొక్కడే సార్. ఆయన కూడా మా వంశం కాదు."

"హవల్దారు తెల్లోళ్లకి ఇచ్చే పదవి కాదబ్బా" అన్నాడు యోగానంద. నేను కాలితో తొక్కాను. అప్పటికే ఆలస్యమైపోయింది.

"రిటైరైనా టికెట్టు అడిగే బుద్ధి పోలేదే అన్నా నీకు. సరే, సార్జెంటు. నాకేమన్నా జీతం తగ్గుతాదా? ఆ సార్జెంటు ఏం చేసినాడంటే, ఈ మనిషి లేకుంటే నాకు ఈ పదవి లేదు అని మా పెద్దబ్బని కూడా పటాలంలోకి తీసుకోనిపోయినాడు, వంటకి. పోయినారు పోయినారు, ఒక కొండ మీద కోట. కోట పేరు చెప్పను సార్, ఆ ఊరోళ్లు ఇంకా ఉండారు, బాధపడతారు. ఫిరంగులు పేలుస్తాండారు పేలుస్తాండారు, గుండ్లు అయిపోయినాయి. జనరలు తలకాయ పట్టుకోని కూచున్నాడు. మా పెద్దబ్బ పోయి, దొరా, రాగులు ఎన్ని మూటలుండాయి అని అడిగినాడు."

మునిప్రసాద్ సారు గ్లాసు కింద పెట్టాడు. డబ్బాలో బ్రష్షు అంచున రంగు గట్టిపడుతోంది. పంకజాక్షి అడగకుండానే ఇంకో టీ పోసి ఆయన ముందు పెట్టింది.

"పెద్ద పెద్ద ఇత్తడి గుండిగలు పొయ్యి మీద పెట్టినారు సార్. తెడ్లతో తిప్పేదానికి ఏనుగుల్ని పెట్టినారు. పటాలమంతా వరసగా నిలబడి, చేతులు నీళ్లలో తడుపుకోని, ముద్దలు చేసేది, ఫిరంగిలో పెట్టేది. మొదటి ముద్ద పోయి కోటవాకిలికి తగిలింది, తగిలి ఆడే అతుక్కునింది. రెండోది, మూడోది. వాకిలి లోపలినించి తెరవలేరు, బయటినించి తెరవలేరు. లోపలోళ్లు తిండి లేక మాడిపోతాండారు, వేడివేడి సంగటి వాసన. గోడలెక్కి, వంగి, గీరుకోని తినినారు. వాళ్లు యాడోళ్లో గానీ వాళ్లకి కూడా మింగేది తెలీదు, నమిలినారు. అందరికీ దవడలు పట్టుకుపోయినాయి. ఇంగ తుపాకి పేల్చు అని చెప్పేదానికి నోరున్నోడు కోటలో ఒక్కడు లేడు. చేతులెత్తేసినారు. నెత్తురు సుక్క లేకుండా అయిపోయిన యుద్ధం ఇంకోటి ఉంటే చెప్పండి సార్, ఈ తువ్వాలు మీకిచ్చేస్తా."

"ఉత్త సంగటే తినినారా అన్నా, నంజుకునేదానికి ఏమీ లేకుండా?" అంది పంకజాక్షి. ఆమెకి తన అవసరం గుర్తుంది గానీ, ఎన్నేళ్లుగానో చిన్నబ్బని ఎత్తిపొడిచిన నోరు ఊరుకోలేదు.

"ఊరిబిండి కూడా ఏసినారమ్మా. అది వేరే ఫిరంగి."

యోగానంద దగ్గు తెచ్చుకుని మొగం అటు తిప్పుకున్నాడు. నేను ఖాళీ గ్లాసునే నోటికి అడ్డం పెట్టుకున్నాను. మునిప్రసాద్ సారు మాత్రం నవ్వలేదు. ఆయన నమ్ముతున్నాడా, మమ్మల్ని ఆటపట్టిస్తున్నాడా అన్నది ఆ మొగం చూస్తే తెలియడం లేదు. చిన్నబ్బకి ఆ భయమే లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్నారు కదా, వినేవాడు ఆఫీసరైతే ఇంకా ఊపు.

"అంత యుద్ధం గెలిచినాక టర్నరు ఏం చేసినాడంటే, తుపాకి పక్కన పెట్టేసినాడు. ఎవుర్నో చంపి నేనేం బాగుపడతా, యాపారం చేసుకుంటా అన్నాడు. ఏం యాపారం? మా పెద్దబ్బ ఒక బెల్లం ముక్క నోట్లో పెట్టినాడు. దొర కండ్లు మూసుకోని, ఇదే అన్నాడు. మన చిత్తూరు బెల్లాన్ని బండ్లకెత్తి మెడ్రాసుకి, మెడ్రాసులో ఓడకెత్తి లండనుకి. ఓడ ఎంతుంటాదంటే సార్, మన కాణిపాకం వరసిద్ధి వినాయకుడు అబద్ధం చెప్తే ఒప్పుకోడు కాబట్టి రొంత తగ్గించే చెప్తా, ముందర నిలబడినోడికి మీసాలు మొలిచేటప్పుడు ఎనక్కి నడిచేది మొదలుపెడితే, ఎనక చేరేటప్పటికి నెరిసిపోతాయి."

"దేవుణ్ణి ఎందుకు లాగుతావు మామా?" అన్నాను. ప్రమాణాల స్వామి ఊరికి పోయే దోవలో కూచుని ఈ మాటలు వినాలంటే నాకు నిజంగానే జంకుగా ఉంది.

"లాగింది నేను కాదు జయరావా, చీమలు. ఆ సంగతికే వస్తాండా. సముద్రం నడిమధ్య గాలి నిలిచిపోయింది. తెరచాపలు తడిసిన పంచెల మాదిరి వేలాడతాండాయి. ఓడ కదల్లే. బెల్లంతో పాటు మన గండుచీమలు కూడా ఎక్కినాయి కదా, లక్షలూ కోట్లూ. మా పెద్దబ్బ ఒక దిమ్మె బెల్లాన్ని తాడు కట్టి ఓడ ముందర, కొక్కేనికి వేలాడదీసినాడు, అందేట్టు అందనట్టు. చీమలన్నీ ముందుకి తోసుకున్నాయి. దిమ్మె అందదు, చీమ ఆగదు. ఓడ కదిలింది సార్. గుర్రం బండి మాదిరి పోయింది. దోవలో ఓడలో ఒక చిల్లి పడి రొంత బెల్లం కరిగినాది, అందుకే మెడ్రాసు పక్క చేపల పులుసు ఇప్పటికీ రొంత తియ్యగా ఉంటాది, కావాలంటే తిని సూడండి."

"నేను మాంసం తినను" అన్నాడు మునిప్రసాద్ సారు.

"అయితే నా మాట నమ్మాల్సిందే. లండనులో దిగినారు. రాణి వచ్చింది, మంత్రులు వచ్చినారు, బ్యాండు మేళం. ఓడ తలుపు తెరిస్తే బెల్లం లేదు. అంతా చీమల కడుపులో ఉండాది. టర్నరు దొర నెత్తిన గుడ్డేసుకున్నాడు. అప్పుడు మా పెద్దబ్బ ఓడ పలకని నాలికతో నాకి సూసినాడు. బెల్లం కరిగీ కరిగీ పలకలోకి ఇంకిపోయుండాది. ఓడని పలకలు పలకలుగా ఊడదీసి, నాకేదానికి అమ్మినారు సార్. పెద్ద పెద్ద దొరసానమ్మలు చేతికి గ్లౌజులేసుకోని, పలక పట్టుకోని, వీధుల్లో నాకతా పోతాండారు. ఒక్క సాయంత్రంలో ఓడ మాయం."

"ఆగు" అన్నాడు యోగానంద. ఈసారి నేను తొక్కినా లెక్కచేయలేదు. "ఓడ అమ్మేస్తే ఎనిక్కి ఎట్లా వచ్చినారు?"

చిన్నబ్బ ఆయన వైపు జాలిగా చూశాడు. "ఒక పలక అమ్ముడుపోలే అన్నా. దాని మీద కూచున్నారు. చీమలకి ఆ చలి పడలే, మన ఎండ మీద గాలి మళ్లింది. అవే లాక్కోనొచ్చినాయి."

మాకు ఇక ఆపుకోవడం కష్టమైంది. పంకజాక్షి పొయ్యి ఊదే నెపంతో వంగి కూచుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. రోడ్డుకి ఆపక్క చిన్నబ్బ ఇంటి అరుగు మీద అతని భార్య ఆదిలక్ష్మమ్మ చింతపండు ఒలుస్తూ కూచునుంది. ఆ అరుగు కూడా చిన్నబ్బ గొప్పే. ఇంటికి రాజసం రావాలని రోడ్డు పొరంబోకులోకి జరిపి కట్టించాడు. ఆమె చేయి ఆగింది గానీ తల ఎత్తలేదు.

"మరి ఆయన సమాధి ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు మునిప్రసాద్ సారు.

చిన్నబ్బ గొంతు తగ్గించాడు. కోతలో ఏడుపు చోటు వచ్చినప్పుడు అతను నిజంగానే కళ్లనీళ్లు పెట్టుకుంటాడు.

"ఏం చెప్పమంటారు సార్. ఆ పాపం మాదే. ఎండాకాలం, బేనీషా మామిడిపండ్ల గంప ముందర పెట్టుకోని కూచున్నాడు దొర. సంగటి నమలకూడదు, మింగాల అని మా పెద్దబ్బ నేర్పించినాడు కదా. ఆ విద్య దొరకి ఎంత బాగా పట్టిందంటే, మామిడిపండుని టెంకతో సహా మింగేసినాడు. ఊపిరాడలే. పోయినాడు. తన జాతోళ్లు దగ్గర్లో ఎవురూ లేరు, మనోళ్లే పాడె కట్టినారు. పాడె మనది, మోసేది మనం, ఆచారమూ మనదే కదా. దోవలో ఒక కాడ దించి, ఏ మూలో పానముంటే లేస్తాడని చెవిలో మూడుసార్లు పిలస్తారే, దింపుడు కళ్లం, అది ఈడే సార్. ఈ చోటే. ఎండకి కూలిపోయిన చోటే ఆయన్ని దించినారు. మా పెద్దబ్బ చెవిలో నోరు పెట్టి పిలిచినాడు. టర్నరు దొరా, లేయి, నీ పటాలం పిలస్తాండాది. లేవలే. రెండోసారి, దొరా, లేయి, ఓడ వచ్చింది, ఇంటికి పోదాం, దొరసాని ఎదురుచూస్తాండాది. రొంత కూడా కదల్లే. పెండ్లాం పిలస్తాందంటే ఎవుడు లేస్తాడు సార్? ఇంగ ఒకటే మిగిలింది. మా పెద్దబ్బ బాగా ఆలోచన చేసి మూడోసారి అన్నాడు, దొరా, మండీలో బెల్లం రేటు పెరిగింది."

"లేచాడా?"

"లేచి కూచున్నాడు సార్. పాడె మీద. దూది ముక్కులోనే ఉండాది. కండ్లు తెరిచి, ఎంత, అన్నాడు."

మునిప్రసాద్ సారు ముందుకి వంగాడు.

"ఆడ సార్, ఆడ మా పెద్దబ్బ తప్పు చేసినాడు. అంతదాకా అబద్ధం చెప్పినోడు, అంత పెద్ద కండ్లు చూసేసరికి జంకినాడు. ఊరికే చెప్పినా దొరా, పెరగలే, అన్నాడు. దొర ఆయన్ని ఒక్క సూపు సూసి, మళ్లీ పండుకున్నాడు. ఇంగ లేవలే. ఎంత మంది పట్టినా పాడె లేవలే, కడుపునిండా బెల్లం, మీద టెంక. ఆడే కట్ట కట్టేసినారు. ఆ టెంకే మొలిచి ఇదో, ఈ మామిడిచెట్టు. దీని కాయలు పుల్లగా ఉంటాయి, దొరకి ఇంకా కోపం తగ్గలే. ఆ పొద్దు మా వంశం ఒట్టేసుకునింది సార్. నిజం చెప్పి ఒక మనిషిని చంపుకున్నాం, ఇంగ చెప్పం అని. నేనేదో సరదాకి కోస్తాండానని వీళ్లు అనుకుంటారు. ఇది మా ఇంటి నోము."

మునిప్రసాద్ సారు లేచాడు. కట్ట దగ్గరికి పోయి, దాని మీద ఎండకి కరిగిన బెల్లం ముక్కనీ, పక్కన చుట్ట బూడిదనీ కాసేపు చూశాడు. చెయ్యి తీసి నుదుటికి తాకించుకున్నట్టే ఉంది, చెమట తుడుచుకున్నాడో మరి.

"జనం పూజ చేసే సమాధి ఉంటే దాన్ని తప్పించమనే మాకు చెప్పారు. ఈపక్క గీత గీయను" అన్నాడు.

పంకజాక్షి కొంగుతో మొగం తుడుచుకుంది. చిన్నబ్బ మా వంక చూసిన చూపు ఆ కోట గెలిచింది తానే అన్నట్టుంది. యోగానంద అయితే ఒట్టు మరిచి చప్పట్లు కొట్టబోయాడు.

మునిప్రసాద్ సారు డబ్బా తీసుకుని రోడ్డు దాటాడు. టేపు ఆపక్క పరిచాడు. గట్టిపడ్డ బ్రష్షుని రాయి మీద రుద్ది మెత్తన చేసుకుని, చిన్నబ్బ ఇంటి అరుగు స్తంభం మీద ఎర్రగా, నిలువుగా ఒక గీత గీశాడు.

"సార్, సార్" అంటూ చిన్నబ్బ పరిగెత్తాడు. మేమూ వెనకే పోయాం. "ఆడ యాల గీస్తాండారు సార్?"

"రోడ్డు వెడల్పు తగ్గదు కదండీ. ఈపక్క తప్పిస్తే ఆపక్క జరగాలి. ఇంటికేం కాదు, అరుగు మాత్రం పోతుంది."

చిన్నబ్బ నోరు తెరిచాడు. ఆ అరుగు సిమెంటు తడి ఆరకముందే దాని మీద తన పేరు రాయించుకున్న మనిషి. ఊళ్లో అతనిదని చూపించుకోవడానికి ఉన్నది అదొక్కటే. నాకు ఆ క్షణాన అతన్ని చూస్తే జాలేసింది.

"రొంత ఆగండి సార్. ఆ దొర, మీరనుకున్నంత పెద్ద దొర కాదు. సార్జెంటు అన్నానా, కాదు, ఉత్త సోల్జరే. కోట అన్నానే, అది కోట కాదు, గొర్రెల దొడ్డి. ఓడ కూడా ఓడ కాదు సార్, తెప్ప. అసలు తెల్లోడు కూడా కాదేమో, రొంత ఎర్రగా ఉండాడని దొర అన్నారేమో. మామిడిచెట్టు నేను నాటిందే, అంటుమొక్క అని మోసం చేసి అమ్మినారు, అందుకే పులుపు."

"లేచి కూచున్నది?"

"లేవలే సార్. చచ్చినోడు యాడన్నా లేస్తాడా?"

"ఒక్కటి చెప్పండి" అన్నాడు మునిప్రసాద్ సారు, కోపం లేకుండానే. "ఆ కట్టలో మనిషి ఉన్నాడా, లేడా? ఉంటే ఈ గీత ఉంటుంది. లేకపోతే దీన్ని చెరిపేసి కొట్టు మీద గీస్తాను."

చిన్నబ్బ వెనక్కి తిరిగి చూశాడు. పంకజాక్షి రోడ్డు దాటి రాలేదు. కొట్టు ముందు గుంజ పట్టుకుని నిలబడి ఉంది. ఒక్క మాట అనలేదు. బతిమాలి ఉంటే అతనికి సులువయ్యేదేమో. అతను ఇటు అరుగుని చూశాడు, అటు కొట్టుని చూశాడు. పుట్టినప్పటినించీ ఆగని నోరు బెల్లం కొట్టిన రాయి మాదిరి అయిపోయింది.

"అమ్మా, మీరు చెప్పండి" అన్నాడు సారు ఆదిలక్ష్మమ్మతో. "ఇల్లు మీది. అది సమాధేనా?"

ఆమెకి తెలుసు. ఆ కట్ట కట్టేటప్పుడు కొత్త కోడలిగా సున్నం గంప మోసింది ఆమే. చింతపండు చాట పక్కన పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని లేచి నిలబడింది.

"సమాధే నాయనా. దొర ఆడే ఉండాడు. ఉండాల."

"మరి మీ అరుగు పోతుందమ్మా."

"పోనీ. అది మాది యాడుండాది, ఈయప్ప పొరంబోకులో కట్టినాడు. అరుగు పోతే నాకు అలికే పని తగ్గుతాది. ఆ కొట్టు పోతే ఈయప్ప పొద్దున లేస్తే యాడికి పోవాల? ఇంట్లో కూచుంటాడు. ఈ కోతలన్నీ ఎవురు వినాల నాయనా? నేనొక్కదాన్నే కదా. నేను కాపురానికి వచ్చినప్పుడు ఆ దొర ఉత్త సోల్జరు, సంగటి ఒక్కటే తినేవాడు. పెద్దపిల్ల పుట్టేటప్పటికి కోట పట్టినాడు. మా పిల్ల పెండ్లి పందిట్లో ఓడ ఎక్కినాడు. ఈ పొద్దు లేచి కూచున్నాడంట, ఇప్పుడే వింటాండా. నాకు ఇంగ ఓపిక లేదు. మెడ్రాసు ఓడ అని చెప్తాడే, ఈయప్ప మెడ్రాసు సూసింది లేదు. అరక్కోణంలో రైలు మారాలంటే భయపడి ఎనిక్కి వచ్చినోడు."

ఆమె చాట చంకన పెట్టుకుని ఇంకో మాట అంది.

"దొర ఉండాడో లేదో నాకు తెలీదు గానీ, ఆయనకి పెట్టే చుట్టల కంపు మాత్రం దినమూ రాత్రి నా పక్కలోనే వస్తాండాది. గీసుకో నాయనా."

యోగానంద మొదట నవ్వాడు. తరవాత నేను, తరవాత రోడ్డుకి అవతల గుంజ పట్టుకున్న పంకజాక్షి, కళ్లనీళ్లతో. చివరికి మునిప్రసాద్ సారు కూడా బ్రష్షు పట్టుకున్న చేత్తోనే మొగం అడ్డం పెట్టుకుని నవ్వాడు. ముక్కు మీద ఎర్రరంగు అంటింది. ఆయన గీత చెరపలేదు. కాయితం మీద ఏదో రాసుకుని, టీ బాగుందని పంకజాక్షికి చెప్పి, ముందుకి సాగిపోయాడు.

చిన్నబ్బ కాళ్లీడ్చుకుంటూ కొట్టుకి వచ్చాడు. బల్ల మీద కూచోకుండా పోయి దొరకట్ట మీద పండుకుని, తువ్వాలు మొగాన కప్పుకున్నాడు. పంకజాక్షి చెంబుడు నీళ్లు పెట్టి పిలిచింది, "అన్నా, లేయి." లేవలేదు. యోగానంద పిలిచాడు, "చిన్నబ్బా, ఆదిలక్ష్మమ్మ పిలస్తాండాది, ఇంటికి పో." అసలు కదల్లేదు.

నేను వంగి చెవి దగ్గర నోరు పెట్టాను.

"మామా, మండీలో బెల్లం రేటు పెరిగింది."

తువ్వాలు కొంచెం కదిలింది. ఒక కన్ను బయటికొచ్చింది.

"ఎంత?" అన్నాడు.

కొట్టుకి మండీ నుంచే వచ్చినవాణ్ణి, రేటు పొద్దున్నే పడిపోయిందని నాకు తెలుసు.

"శానా పెరిగింది మామా" అన్నాను. చిన్నబ్బ లేచి కూచుని టీ అడిగాడు.